బావా, ఎత్తుకో

"మనిషి ఒక్కడే ఉండాలండీ. హాలు వాళ్లు పట్టుబట్టి చెప్పిన మాట అదొక్కటే," అన్నాడు సర్దుబాటాయన.

ఆయన అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. విందులకీ, దుకాణాల ప్రారంభాలకీ, కంపెనీల వార్షికోత్సవాలకీ కావలసిన బల్లలూ, దీపాలూ, పూలూ, పాటగాళ్లూ అన్నీ ఆయన దగ్గర దొరుకుతాయి. ఏది తక్కువైనా "కొంచెం సర్దుకోండి" అంటాడు కనక పాటవాళ్లంతా కలిసి ఆ పేరు పెట్టారు. ఆయన ఆఫీసు గోడౌను మీది గది. కిటికీలోంచి తొంగి చూస్తే కింద ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి మనిషెత్తున నిలబెట్టి ఉంటాయి.

ఆయన ఎదుట ఇద్దరు కూర్చున్నారు. శాక్సాఫోన్ వాయించే బావ, కీబోర్డు వాయించే బామ్మర్ది. మొదటి కచేరీలో బావ మైకు పట్టుకుని "వీడు మా బామ్మర్ది" అని చూపించినప్పటి నుంచీ అతను ఊరందరికీ బామ్మర్దే. సౌండు వాళ్లూ, వంటవాళ్లూ, హాలు కాపలావాళ్లూ, ఆఖరికి తనకంటే వయసులో పెద్దవాళ్లు కూడా "బామ్మర్ది గారూ" అనే పిలుస్తారు. మొదట్లో చిరాకు పడేవాడు. తర్వాత నవ్వేవాడు. ఇప్పుడు పలుకుతున్నాడు.

"ఒక్కడే అంటే?" అన్నాడు బామ్మర్ది.

"శాక్సాఫోన్ ఒక్కటే. మిగతా సంగీతమంతా ట్రాకు. బటను నొక్కితే వచ్చేస్తుంది కదా. మరోలా అనుకోకండి బామ్మర్ది గారూ, శాక్సాఫోనేమో దీపాల కింద బంగారంలా మెరుస్తుంది. దాని పక్కన మీరు బల్ల వేసుకుని, నాలుగు వైర్లు వేలాడేసుకుని కూర్చుంటే ఫోటోలో బ్యాంకు కౌంటరులా పడుతోందట. వాళ్ల మాటే చెప్తున్నా, నాది కాదు."

బావ చిన్నగా నవ్వాడు. సంచిలోంచి శాక్సాఫోన్ మౌత్‌పీస్ తీసి, తొడుగు లాగి, చేతిరుమాలుతో తుడిచాడు. పొద్దున్నే తుడిచిన వస్తువది.

"కొత్త హాలు. పెద్ద హాలు," సర్దుబాటాయన గొంతు తగ్గించాడు. "ప్రారంభం రోజు విందులో వాళ్లకి నచ్చితే ఏడాది పొడుగునా వారం వారం అక్కడే. ఇంకో మనిషిని వెతకరు."

బామ్మర్ది బావ వైపు చూశాడు. 'వాడు లేకుండా నేను వేదిక ఎక్కను' అనే మాట ఇప్పుడు బావ నోట వస్తుందనుకున్నాడు. అడిగి రప్పించుకునే మాట కాదది. అడక్కుండానే రావాలి. ఇన్నేళ్లలో వేదిక మీద ఆ ఇద్దరి మధ్యా మూరెడు దూరం కూడా లేదు.

బావ మౌత్‌పీస్‌ని వెలుతురుకి పెట్టి ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. తొడుగు మళ్లీ తొడిగాడు.

"ట్రాకులదేముందండీ," అన్నాడు సర్దుబాటాయనతో. "మావాడే చేసిపెడతాడు."

తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు బావే నడిపాడు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు తల వెనక్కి తిప్పకుండా అన్నాడు, "ఒక్క షో రా. ముందు నన్ను లోపల కాలు పెట్టనీ. తర్వాత నిన్ను దూర్చడం నా పూచీ."

"కాలు నీది, దూరేది నేనూనా. బాగుంది బావా."

"వెటకారం వద్దు. నేనేమన్నా పరాయివాడినా? అక్కనడుగు, నీ గురించి ఎంత ఆలోచిస్తానో."

దీపం ఆకుపచ్చగా మారింది. ఆ తర్వాత మాటలు గాలిలో వినపడలేదు, వినపడినట్టు అతను తలూపుతూ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక భార్య ఆరిన బట్టలు మడతపెడుతూ అంతా విని, ఒక చొక్కా చేతులు రెండూ వెనక్కి మడిచి అడిగింది. "నిన్ను వద్దన్న షోకి నువ్వే వాయించి ఇవ్వాలా?"

"బావ కోసం."

"నీ కోసం ఆయనేమన్నాడు మరి?"

అతను కాసేపు ఆలోచించాడు. "'మావాడు' అన్నాడు," అని చెప్పాడు.

* * *

పొద్దున్నే దేవుడి పటం ముందు నిలబడి రోజూ అడిగేదే అడిగాడు. పెద్ద కోరికల మనిషి కాదతను. చేతికి పనివ్వు, మనసులోకి కుళ్లు రానివ్వకు. ఆ రెండు ముక్కలే. తర్వాత కీబోర్డు మీది గుడ్డ తీసి, ముందు గదిలో మంచం గోడకి జరిపి పని మొదలుపెట్టాడు.

ట్రాకు చేయడమంటే బటను నొక్కడం కాదు. ముందు తాళం వేయాలి, దాని మీద మంద్ర స్వరం నడపాలి, ఆ పైన గిటారు, వయొలిన్లు, ఒక్కొక్కటీ విడివిడిగా, ఒక్కడే వాయించాలి. ఒకటి వాయిస్తున్నంతసేపూ ఇంకా వాయించనివి కూడా చెవిలో వింటూ ఉండాలి. బావ ఎక్కడ సాగదీస్తాడో అతనికి తెలుసు, అక్కడ వయొలిన్లని వెనక్కి తగ్గించాడు. బావకి ఊపిరి ఎక్కడ అయిపోతుందో తెలుసు, అక్కడ డ్రమ్ముతో చిన్న మెలిక వేశాడు. ఆ మెలికలో బావ ఊపిరి తీసుకుంటే వినేవాళ్లకి ఖాళీ తెలియదు. కొత్త చొక్కా కుట్టేటప్పుడు దర్జీ ఆ మనిషి గూని భుజాన్ని గుర్తుపెట్టుకున్నట్టు, ఆ ట్రాకుల్లో బావ కొలతలన్నీ ఉన్నాయి.

మర్నాడు సాయంత్రం అక్కా బావా వచ్చారు. బావ కిటికీ దగ్గర నిలబడి మౌత్‌పీస్‌కి కట్టే రీడు బద్దని నాలిక మీద నానబెట్టుకుని బిగించాడు. మొదటి చరణం వాయించాడు. ఎన్నిసార్లు విన్నా బామ్మర్దికి ఆ నాదం వీపు మీద చెయ్యి వేసినట్టుంటుంది. బావ ఊదితే తింటున్నవాళ్లు తినడం ఆపుతారు. అందులో పేచీ లేదు.

పేచీ ఆగే చోట వచ్చింది. చరణానికీ చరణానికీ మధ్య వయొలిన్లు ఒక సుదీర్ఘమైన ముక్క నడుస్తాయి. అంతసేపూ శాక్సాఫోన్ మూసుకుని ఉండి, సరిగ్గా ఒక తాళం దెబ్బ మీద మళ్లీ ఎత్తుకోవాలి. బావ తొందరపడి ముందే వచ్చేశాడు. రెండోసారి ఆలస్యంగా వచ్చాడు. మూడోసారి పాదంతో నేల కొట్టుకుంటూ లెక్కపెట్టాడు, లెక్క సరిగ్గానే ఉంది కానీ నోరు ముందే తెరుచుకుంది.

బావకి ఊపిరుంది, వేళ్లున్నాయి, ఓపిక లేదు. వేదిక మీద ఇన్నేళ్లూ ఆ చోటు వచ్చేసరికి బావ కుడివైపు చూసేవాడు. బామ్మర్ది గడ్డం కిందికి దించేవాడు. ఆ తల ఊపు మీద బావ ఎత్తుకునేవాడు. ఇంట్లో కానీ బయట కానీ ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు శాక్సాఫోన్ దించి, మంచం అంచున కూర్చుని, బావ మొదటిసారి నోటితో అన్నాడు.

"ట్రాకుకి తలకాయ ఉండదు కదరా."

ఆ మాటకి బామ్మర్ది కీబోర్డు వదిలి బావ వైపు తిరిగాడు. అయితే బావకి తెలుసన్నమాట. ఆ సంతోషంలోనే ఉపాయం తట్టింది.

"ఒక పని చేద్దాం బావా. ట్రాకులో ఎడమవైపు వచ్చే శబ్దం స్పీకర్లకి పోతుంది. కుడివైపుది నీ చెవిలో ఇయర్‌ఫోన్‌కి. దాన్లో నా గొంతు రికార్డు చేసి పెడతాను. హాల్లో పురుగుకి కూడా వినపడదు."

ముందు ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెప్పి చూశాడు. బావ అంకెలకి కంగారు పడ్డాడు. "లెక్కల మాస్టారు చెవిలో కూర్చున్నట్టుందిరా. ఒకటే మాట చెప్పు. అర్థమయ్యే మాట."

బామ్మర్ది మైకు దగ్గరికి వంగి, సరిగ్గా ఆ దెబ్బకి ముందు మెల్లగా అన్నాడు. "బావా, ఎత్తుకో."

గుమ్మంలో మంచినీళ్ల గ్లాసుతో నిలబడ్డ అక్క ఫక్కున నవ్వింది. నీళ్లు ఒలికాయి.

"మా పెళ్లిలోనూ వీడిది ఇదే మాట. కాళ్లు నొప్పులని ఏడుస్తూ బావా ఎత్తుకో, బావా ఎత్తుకో అని. పెళ్లి ఫోటోలు చూడు, ఒక్కదాన్లోనైనా నేనూ ఆయనా ఇద్దరమే ఉన్నామేమో. అన్నిట్లోనూ వీడు ఆయన చంకలో. నా మెడలో దండ కంటే వీడి చీమిడి ముక్కే బాగా పడింది."

"అప్పటికీ ఇప్పటికీ మాట మారలేదు, బరువు మారింది," అన్నాడు బావ. ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు. వయొలిన్లు నడిచాయి. బావ కళ్లు మూసుకుని విన్నాడు, ఎత్తుకున్నాడు. దాదాపు సరిగ్గా వచ్చాడు. వెంట్రుకవాసి ముందు. ఆ వెంట్రుకవాసి బావది, దాన్ని ఎవరూ దిద్దలేరు.

"చూశావా, నీ తలకాయని జేబులో పెట్టుకుని తిరుగుతానిక," అని బావ నవ్వాడు. అందరూ నవ్వారు. బామ్మర్ది కూడా నవ్వాడు.

* * *

విందు రోజు ట్రాకు నడిపే మనిషి ఒకడు కావాలని బావే అడిగి అతన్ని వెంట తీసుకెళ్లాడు. సర్దుబాటాయన ఒక నల్ల చొక్కా ఇచ్చాడు. వడ్డించేవాళ్లందరికీ అదే చొక్కా. ల్యాప్‌టాపుకి చోటు వేదిక మీద లేదు. పక్కన చెక్క తడిక ఒకటి పెట్టి, దాని వెనక చేతులు కడుక్కునే తొట్ల దగ్గర ఒక స్టూలు వేశారు. "ఇక్కడ కొంచెం సర్దుకోండి బామ్మర్ది గారూ," అన్నాడాయన. తడిక చీలికలోంచి వేదిక సగం కనపడుతోంది.

అతను బావ చెవికి ఇయర్‌ఫోన్ పెట్టి, వైరు కాలరు వెనక నుంచి దించాడు. "చెవి వెనక టేపు వేస్తాను బావా. ఊదేటప్పుడు నీ దవడ కదులుతుంది. జారుతుంది."

"టేపు ఫోటోలో తెల్లగా పడుతుందిరా. వద్దు."

"చెమట పడితే..."

"వద్దన్నాగా."

అతిథులు వచ్చారు. నల్ల చొక్కా చూసి ఒకామె అతన్ని నీళ్లు తెమ్మంది. తెచ్చి ఇచ్చాడు. ఇంకొకాయన తుడుచుకున్న కాగితం అతని చేతిలో పెట్టి వెళ్లాడు. బటను నొక్కే వేళ అయ్యేసరికి చేతులు కడుక్కోవలసి వచ్చింది.

మొదటి రెండు పాటలూ బాగా నడిచాయి. బంగారు రంగు వాయిద్యం మీద దీపం పడి గోడల మీద మెరుపులు తిరిగాయి. బావ దాన్ని పైకెత్తి, దించి, ఒక్కడే వేదికంతా నిండాడు. నిజానికి ఫోటోలో బాగానే ఉంటుందని బామ్మర్దికే అనిపించింది.

మూడో పాటలో మొదటి చరణం చివర బావ గట్టిగా ఊదుతూ తల ఎగరేశాడు. ఇయర్‌ఫోన్ ఊడి భుజం మీద పడింది, అక్కణ్ణుంచి వీపు మీదికి జారి వేలాడింది. చప్పట్లు కొట్టారు. వయొలిన్లు మొదలయ్యాయి.

బావ చెయ్యి చెవి దాకా వెళ్లి ఆగింది. అందరూ చూస్తున్నారు. చెయ్యి దించేశాడు.

తడిక వెనక బామ్మర్ది లేచి నిలబడ్డాడు. వయొలిన్లు సాగుతున్నాయి. ఆ చోటు దగ్గరపడుతుంటే బావ అలవాటు కొద్దీ కుడివైపు తిరిగి చూశాడు. ఇన్నేళ్లూ కీబోర్డు ఉండే చోట ఎత్తయిన పూలకుండీ ఉంది. బావ ఆ పూలవైపు చూస్తూనే ఉన్నాడు. చీకట్లో, తొట్ల పక్కన, ఎవరికీ కనపడనిచోట బామ్మర్ది గడ్డం కిందికి దించాడు.

ఆ దెబ్బ వచ్చింది, వెళ్లిపోయింది. శాక్సాఫోన్ రాలేదు.

బావ మౌత్‌పీస్ పళ్ల మధ్య పెట్టుకున్నాడు. బుగ్గలు నింపాడు. వేళ్లు ఆడాయి, నడుము వంగింది, కనుబొమలు ముడిపడ్డాయి. ఒక్క స్వరం లేదు. తప్పు చోట ఎత్తుకుని నలుగురిలో పరువు పోగొట్టుకోవడం కంటే ఊదకుండా ఊదినట్టుండడమే మేలనుకున్నాడు. బామ్మర్ది వేలు బటను మీద ఉంది. ఆపేసి, యంత్రం మొరాయించిందని చెప్పి, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టొచ్చు. అప్పుడు హాలంతా తలెత్తి చూస్తుంది. తప్పెవరిదని అడుగుతారు. బావ తల దించుకోవాలి. అతను వేలు తీసేశాడు. పోనీ, పాట దాటిపోతే చాలు, ఎలాగో గట్టెక్కించు తండ్రీ అని మనసులో అనుకున్నాడు.

దేవుడు ఆ మొర విన్నాడు. ట్రాకు చివరిదాకా నడిచింది. ఎవరూ ప్లేట్లోంచి తలెత్తలేదు. పాట ఆగగానే మొదటి పాటకి ఎన్ని చప్పట్లు వచ్చాయో దీనికీ అన్నే వచ్చాయి. బావ నడుం వంచి దండం పెట్టాడు. వంగినప్పుడు వైరు అందుకుని ఇయర్‌ఫోన్ చెవిలో దోపుకున్నాడు.

తలుపు దగ్గర సర్దుబాటాయన మాత్రం చప్పట్లు కొట్టలేదు. చేతులు కట్టుకుని, వేదికని కాకుండా, తింటున్నవాళ్ల ముఖాల్ని ఒక్కొక్కటే చూస్తున్నాడు.

విందు అయ్యాక బామ్మర్ది వేదిక పక్కన వైరుని మోచేతికీ అరచేతికీ మధ్య చుట్టుకుంటున్నాడు. హాలు యజమాని వచ్చి బావ చెయ్యి పట్టుకున్నాడు. "మీ వెనక వచ్చిన సంగీతం అద్భుతంగా ఉందండీ. ప్రత్యేకంగా ఆ వయొలిన్లు. ఎవరు చేశారు?"

వైరు చుట్టే చెయ్యి ఆగింది.

బావ బామ్మర్దిని చూశాడు. చూడలేదని చెప్పడానికి లేదు. "అవన్నీ కంప్యూటర్లో దొరుకుతాయండీ," అన్నాడు నవ్వుతూ. "ఇప్పుడు దొరకనిదేముంది."

స్కూటరు మీద బావే మొదలుపెట్టాడు. "నీ పేరు చెప్తే రేపు నేరుగా నీ దగ్గరికే పోతారురా. నేను ఒక్కడినే చేస్తానని కదా సర్దుబాటాయన వాళ్లకి చెప్పింది. ముందు ఆ ఏడాది పని సంగతి తేలనీ."

"మంచిది బావా."

"చెవిది ఊడిపోయిందిరా."

"చూశాను."

"ఎవరికీ తెలీలేదు," అన్నాడు బావ. అలా అని తేలిగ్గా ఊపిరి వదిలాడు.

* * *

నాలుగైదు రోజులకి సర్దుబాటాయన ఫోను చేసి ఒక్కణ్ణే రమ్మన్నాడు. గోడౌను మీది గదిలో అదే కుర్చీలో కూర్చున్నాడు బామ్మర్ది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"దాచడమెందుకు, మీకు తెలుసు, నాకూ తెలుసు," అన్నాడాయన. "మూడో పాటలో మీ బావగారు ఊదలేదు."

"చెవిలో వైరు..."

"వైరు సంగతి కాదండీ. ఊదలేదు, అయినా ఏమీ కాలేదు. నేను చూస్తూ నిలబడ్డా. ఒక్కడంటే ఒక్కడు చెయ్యి కూడా ఆపలేదు. యజమానికి ఆ పాటే బాగా నచ్చిందట, తెలుసా? అప్పుడు నాకనిపించింది." కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "మీ కీబోర్డులో శాక్సాఫోన్ శబ్దం ఉంటుంది కదా?"

బామ్మర్ది పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

"ఉంటుంది. దాన్ని కూడా ట్రాకులోనే వేసెయ్యండి. నిలబడి పట్టుకోడానికి మనిషిని నేను చూసుకుంటాను. బట్టల కొట్లో బొమ్మ పక్కన నిలబడే ఉద్యోగం చేసే ఒకాయన ఉన్నాడు, ఒడ్డూ పొడుగూ, ఫోటోకి భలే ఉంటాడు. మీ బావగారికి కళ్ల కింద సంచులొచ్చాయి, తప్పుగా అనుకోకండి. వారం వారం కొత్త ట్రాకులు కావాలి. చేసేది మీరు. పని మీది, ఏడాదంతా మీదే."

"బావకి చెప్పారా?"

"మీరు కొంచెం సర్దిచెప్పండి. ఇంటివాళ్లు మీరు."

కింద ఎవరో కుర్చీల దొంతరని నేల మీద ఈడుస్తున్నారు. ఆ చప్పుడు ఆగింది. తర్వాత సర్దుబాటాయన కలం తీశాడు.

"హాలు వాళ్లు అడుగుతున్నారు, సంగీతం ఫలానా వారిదని కార్డు మీద వేస్తారట. రాసుకుంటాను. మీ పేరేంటండీ?"

ఇన్నేళ్లలో ఆ గదిలో ఎవరూ అడగని మాట. బామ్మర్ది మెల్లగా చెప్పాడు. సర్దుబాటాయనకి సరిగ్గా వినపడక మళ్లీ అడిగాడు. ఈసారి ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాడు. ఆయన రాసుకుని, పైకి చదివాడు. ఎవరిదో కొత్త మనిషి పేరులా వినపడింది.

ఇంట్లో భార్యకి చెప్పాడు. "వద్దనిపిస్తే వద్దను. పస్తులుండం," అంది ఆమె. కాస్త ఆగి, "నువ్వు చెయ్యకపోతే ఇంకొకరు చేస్తారన్న మాట మాత్రం నాతో అనకు. అది నీకు నువ్వు చెప్పుకునే మాట," అంది.

అతను సరిగ్గా ఆ మాటే అనబోయాడు.

మర్నాడు పొద్దున్న దేవుడి పటం ముందు నిలబడ్డాడు. చేతికి పనివ్వమని అడిగాడు. రెండో ముక్క దగ్గర నాలిక ఆగింది. వచ్చిన పనీ ఆయనే ఇచ్చాడా, రాకూడదన్న కుళ్లూ ఆ పనితో పాటే వచ్చిందా, రెండూ విడదీసి చూడడం అతనికి చేతకాలేదు. దేవుడికైనా చేతనవునో లేదో అడగాలనిపించింది. అలా అడగడం తప్పనిపించింది. సగం ప్రార్థనతోనే వచ్చి కీబోర్డు మీద గుడ్డ తీశాడు.

అంతలో అక్క ఫోను.

"మీ బావ ఏం చేస్తున్నారో తెలుసా? పొద్దున్నుంచీ గోడకి ఎదురుగా నిలబడి పాదంతో కొట్టుకుంటూ లెక్క పెట్టుకుంటున్నారు. నీ ట్రాకే పెట్టుకుని, చెవిలోది తీసేసి. ఈసారి ఎవరి ఊతా లేకుండా ఎత్తుకుంటారట. ఈ వయసులో పంతం చూడు." నవ్వింది. "సర్దుబాటాయన నుంచి కబురేమన్నా వచ్చిందేమో కనుక్కోమన్నారు. ఆయనే చెయ్యొచ్చుగా ఫోను? నామోషీ. నిన్ను కనుక్కోమంటున్నారు."

వెనక శాక్సాఫోన్ వినపడుతోంది. వెంట్రుకవాసి ముందే వచ్చేసింది. ఆగింది. మళ్లీ మొదలైంది.

"ఇంకా ఏమీ రాలేదక్కా," అన్నాడు.

"వస్తే చెప్పరా."

"చెప్తాను."

ఫోను పెట్టి, కీబోర్డులో శాక్సాఫోన్ శబ్దం వెతికి పట్టుకున్నాడు. మొదట మేకపిల్ల అరిచినట్టుంది. సరిచేశాడు. బావ సాగదీసే చోట సాగదీశాడు, వణికించే చోట వేలు వణికించాడు. డ్రమ్ము మెలిక దగ్గర, ఈ శాక్సాఫోన్‌కి ఊపిరి అక్కర్లేకపోయినా, వేలు దానంతటదే లేచి కొంచెం ఆగింది. ఆ ఖాళీ అలాగే ఉంచాడు. మధ్యాహ్నం భార్య వచ్చి అన్నం చల్లారిపోతోందని చెప్పి, గుమ్మంలో నిలబడి కాసేపు విని వెళ్లిపోయింది.

అంతా అయ్యాక పంపే ముందు ఒకసారి రెండు చెవులకీ పెట్టుకుని మొదట్నుంచి విన్నాడు. చరణం అయిపోయింది. వయొలిన్లు మొదలయ్యాయి, సాగాయి, ఆ చోటు దగ్గరపడింది. కుడి చెవిలో తన గొంతే మెల్లగా అంది.

"బావా, ఎత్తుకో."

అతని గడ్డం కిందికి దిగింది. ఆ దెబ్బ మీదే శాక్సాఫోన్ వచ్చింది. వెంట్రుకవాసి ముందు లేదు, వెంట్రుకవాసి వెనక లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి బావ సరిగ్గా సమయానికి ఎత్తుకున్నాడు.

ఆ మాటతో ఇక పని లేదు. ఆ ఒక్క ముక్కా కత్తిరించి తీసేసి, ట్రాకు సర్దుబాటాయనకి పంపించాడు.